ముప్పయ్యారు క్లిక్కులు

శనివారం మధ్యాహ్నం కోకిలమ్మ టిఫిను డబ్బా మూత తీస్తుండగా మెట్ల మీద ఎవరో పరిగెత్తుకొస్తున్న చప్పుడు వినబడింది. ఆవిడ మూత మళ్ళీ పెట్టేసింది. ఎవరైనా పరిగెత్తుకొస్తే ఎవరో పోయారనే ఆవిడకు ముందు తోస్తుంది. అరవై ఏళ్ళలో ఆ అనుమానం తప్పయిన రోజులు తక్కువ.

సౌకార్‌పేటలో హోల్‌సేల్ కాగితాల కొట్టు మీద ఉంది ఆ గది. తలుపుకి "ఆదికేశవులు, ప్రైవేటు పరిశోధకులు" అని చిన్న బోర్డు. ఆదికేశవులు ఇరవయ్యారేళ్ళు ఇన్సూరెన్సు వాళ్ళ కోసం కాలిపోయిన గోడౌన్లు చూసి, అవి వాటంతటవే కాలాయో, ఎవరైనా కాల్చారో చెప్పిన మనిషి. రిటైరయ్యాక ఈ పనిలో దిగాడు. కోకిలమ్మ ఆయనకు టైపు చేస్తుంది, నోటు రాస్తుంది, వేణ్ణీళ్ళు కాచి ఇస్తుంది. బడికి పోకపోయినా, చెక్కెర పొట్లాల కాగితాలు చదివి చదువు నేర్చుకుంది ఆవిడ. తరవాత అద్దె పుస్తకాల కొట్లో డిటెక్టివు నవలలన్నీ అయిపోయాయి. నవలల్లోని ఏ పరిశోధకుడూ తమ సారుకి సాటిరాడని ఆవిడ గట్టి నమ్మకం.

లోపలికి వచ్చినవాడికి ఇరవై ఏడేళ్ళుంటాయి. ఒంటి మీద ఫ్యాక్టరీ చొక్కా, చంకలో పొడుగాటి నోటు పుస్తకం.

"ముందు నీళ్ళు తాగు నాయనా. ఎవరికేమైంది?" అంది కోకిలమ్మ.

"ఎవరికీ ఏమీ కాలేదమ్మా. క్యాసెట్టు పొయ్యింది."

కోకిలమ్మ ఊపిరి వదిలింది. ఓస్, క్యాసెట్టేనా అనుకుంది. అలా అనుకున్నందుకు మర్నాడు సాయంత్రం సిగ్గుపడింది.

కిటికీ దగ్గర నిలబడ్డ ఆదికేశవులు ఇటు తిరిగాడు. "పేరు?"

"సుందర్‌రాజ్ సార్. తొండియార్‌పేట. 'చుక్కల రేవు' అని సీరియల్ వచ్చేది, మీకు గుర్తుండాదా?"

కోకిలమ్మకి గుర్తుంది. డెబ్భై తొమ్మిదిలో శుక్రవారం శుక్రవారం టీవీలో తెలుగులో వచ్చేది. ఎక్కడో దూరపు గ్రహం మీద ఒక రేవు. చుక్కల మధ్య తిరిగే ఓడలు అక్కడ ఆగేవి. దీపం కాసే ఒక తాత, ఆయన పెంచిన నీలవేణి అనే పిల్ల. భూమికి పోయే ఓడ కోసం ఆ పిల్ల ఎదురుచూస్తుండేది. అట్టతో చేసిన ఓడలని అందరికీ తెలుసు. అయినా ఏడ్చేవాళ్ళు.

"పదమూడు భాగాలు సార్. ఒకటి కూడా మిగల్లేదు. ఆ రోజుల్లో టేపు దొరికేది కాదని దాని మీదే ఇంకో ప్రోగ్రాం ఎక్కించేసినారు. మా వీధిలో టీవీ మా ఇంట్లోనే ఉండేది. మా నాయనకి హార్బర్లో సాయంత్రం షిఫ్టు. ఆయన వచ్చి వినాలని మా అమ్మ టీవీ ముందర టేప్ రికార్డరు పెట్టి పట్టేది. ధర్మలింగం మామ స్టూడియో మా వీధే. ఆయనకి ఆ సీరియలంటే పిచ్చి. కెమెరా పట్టుకొచ్చి టీవీ బొమ్మనే ఫొటోలు తీసేవాడు. వారానికి ఒక రోలు, ముప్పయ్యారు ఫొటోలు."

"అంటే మాట ఒక చోట, బొమ్మ ఒక చోట మిగిలాయి," అన్నాడు ఆదికేశవులు.

"ఆమా సార్, అంతే. ఆ రెండూ నేను కలుపుతా ఉండా. ఫొటోలు స్లైడ్లు చేసి తెర మీద వేస్తాం, పక్కన క్యాసెట్టు పాడుతుంది. ఏ మాటకి ఏ ఫొటో అనేది ఎట్లా తెలిసిందో చెప్తే నవ్వుతారు. మామ కెమెరా క్లిక్కు టేపులో పడింది. క్లిక్కు వినపడిన చోట ఆ ఫొటో." సుందర్‌రాజ్ పుస్తకం తెరిచాడు. నిమిషాలు, సెకన్లు, నంబర్లు, చీమల బారుల్లా. "మూడేళ్ళు పట్టింది. పన్నెండు భాగాలు అయినాయి. పదమూడోది దొరకలా. మొన్న గురువారం మా నాయన పెట్టె అడుగున దొరికింది. శుక్రవారం మామ స్టూడియోకి తీసుకుపొయ్యి ఒక్కసారి పాడించి క్లిక్కులు రాసుకున్నా. ఈ పొద్దు మూడు గంటలకి కోడంబాకం సౌండు ఇంజనీరు దగ్గిర శుభ్రం చేయించాలి, కాపీ తీయించాలి. పొద్దున చూస్తే డబ్బాలో లేదు."

"శుభ్రం ఎందుకు?"

"అసలైన చోట చెడింది సార్. భూమికి పోయే ఓడ వచ్చింది. నీలవేణి ఎక్కిందా, తాత దగ్గిరే ఉండిపొయ్యిందా? ఆ నిమిషంలో టీవీలో బొమ్మ చెదిరి గీతలు పడినాయి. నీలవేణి చీకట్లో ఒక మాట అంటుంది, అంతే. ఆ మాట మీద ఎవరో ఆడమనిషి గుసగుస పడింది. ఏందో ఒక్క ముక్క తెలీదు. ఇంజనీరు ఆ గుసగుస తీసేసి కింద మాట లేపుతా అన్నాడు."

"వీధంతా చూసింది కదా. ఎవరినడిగినా చెప్తారే?"

"అదే గదా సార్ తలనొప్పి! మా అమ్మ ఎక్కి పొయ్యిందంటుంది. మామ లేదు, ఉండిపొయ్యిందంటాడు. పదెనిమిదేళ్ళుగా ఇదే జగడం. నేను అప్పటికే నిద్రపొయినా, మిగిలినోళ్ళకి గుర్తులేదు."

తరవాత అతని గొంతు మారింది. ఆ సీరియల్ రాసిన వరదయ్యగారికి ఎనభై రెండేళ్ళు. ఆయన రెండు ముగింపులు రాసి ఇచ్చి, ఏది తీయాలో డైరెక్టరుకే వదిలేశాడు. ప్రసారమైన రోజు ఆయన ఆస్పత్రిలో భార్య మంచం పక్కన ఉన్నాడు. ఆవిడ పోయింది. డైరెక్టరూ పోయాడు. తన కథ ఎలా ముగిసిందో ఆయనకే తెలియదు. ఆదివారం నాలుగింటికి చర్చి హాల్లో ప్రదర్శన. సోమవారం పొద్దున కూతురు ఆయన్ను నాగ్‌పూర్ తీసుకుపోతోంది. ఇక తిరిగి రారు.

"నిన్న ఫోన్ చేసి చెప్పినా సార్, ముగింపు దొరికిందయ్యా అని. ఆయన ఏడ్చినాడు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పేది?"

ఆదికేశవులు గొడుగు తీసుకున్నాడు. ఎండకీ వానకీ ఆయన చేతిలో అదే. "కోకిలమ్మా, టిఫిను డబ్బా కూడా తీసుకోండి. ఆటోలో తిందురుగాని."

*

సుందర్‌రాజ్ వాళ్ళమ్మ ఆరోగ్యమేరి ఇల్లు రెండు గదులు. ముందు గదిలో సిలువ, దాని కింద అప్పటి టీవీ, ఇప్పుడది పూలకుండీకి బల్ల. బీరువా మీద క్యాసెట్లు పెట్టే బిస్కెట్ల డబ్బా. తాళం లేదు.

"ఏంటికి తాళం? మా ఇంటికి దొంగలెవరొస్తారు సార్?" అంది ఆరోగ్యమేరి. "పొద్దున ఇద్దరే వచ్చినారు. ధర్మన్న ఫొటోలు ఇచ్చిపోను వచ్చినాడు. కాఫీ పెట్టను లోపలికి పొయినా. ఆయన పోయినాక ఆ బాలమురుగన్, సౌకార్‌పేటలో పాత రికార్డులు అమ్మేవాడు, వచ్చినాడు. పదమూడూ నాకియ్యమ్మా, ఎంతైనా ఇస్తా అని ఒకటే పోరు. వాడిక్కూడా కాఫీ ఇచ్చినా. ఎవరొచ్చినా కాఫీ పెట్టడం నా తప్పే."

"వాడే సార్," అన్నాడు సుందర్‌రాజ్ పళ్ళు కొరుకుతూ.

ఆదికేశవులు డబ్బా దించి మూత తీశాడు. పన్నెండు క్యాసెట్లు వరసగా ఉన్నాయి. పదమూడో పెట్టె కూడా ఉంది, ఖాళీగా. అందులో అట్ట అలాగే ఉంది. దాని మీద మేరి చేతిరాత: "చుక్కల రేవు. ఆఖరిది. ఆయన వినాల."

ఆ అట్టను ఆయన చాలాసేపు చూశాడు. "ఆఖరి భాగం వచ్చినప్పుడు మీరు టీవీ ముందే ఉన్నారా?"

"ఉండా."

"అంతసేపూ?"

"ఆఖర్న... కాఫీ పెట్టను లోపలికి పొయినా. ఇరవై మంది గదా. అయినా నాకు ఓడ లేచిపోయిన చప్పుడు వినపడింది."

"ఓడ పోతుందిలే అమ్మా! ఆ పిల్ల ఎక్కిందా అనేది గదా మాట," అన్నాడు సుందర్‌రాజ్.

"ఎక్కకుండా ఏం చేస్తుంది? పోవాలని పన్నెండు వారాలు ఏడ్చి, ఓడ వస్తే పోదా? పొయ్యేవాళ్ళు పోతారు." ఆవిడ గోడ మీద భర్త ఫొటో వైపు చూసింది.

*

ధర్మలింగం స్టూడియో వీధి చివర. అరవై ఏళ్ళ మనిషి, కిటికీ వెలుగులో బల్ల మీద వంగి, సన్నటి బ్లేడుతో ఒక నెగెటివ్ గీకుతున్నాడు. వాళ్ళను చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"కూర్చోండి. పెళ్ళికొడుకు బుగ్గ మీద పులిపిరి. పెళ్ళికూతురు చూసేలోపు తీసేయాలంట."

"పెళ్ళయినాక చూడదా?" అన్నాడు ఆదికేశవులు.

"అది వాళ్ళ కర్మ. నా పని ఫొటో వరకే." ధర్మలింగం నవ్వి, బ్లేడు పక్కన పెట్టాడు.

"పొరపాటున ఎక్కువ గీకితే?"

"ఇంక అంతే సార్. నెగెటివ్ మీద గీకింది దేవుడు కూడా తిరిగి పెట్టలేడు. అందుకే చేతిలో వణుకొచ్చిన రోజు ఈ బ్లేడు ముట్టుకోను."

ఆదికేశవులు బల్ల దగ్గరికి కుర్చీ జరుపుకున్నాడు.

"పదమూడో భాగం ఫొటోలు ముప్పయ్యారు ఉండాలి. మీరు ముప్పై నాలుగే ఇచ్చారని సుందర్ చెప్పాడు."

"రెండు పాడైనాయి. కడిగేటప్పుడు."

"నెగెటివ్‌లు చూడొచ్చా?"

ధర్మలింగం లేచి సొరుగు లాగి, ఒక పొడుగాటి కవరు ఇచ్చాడు. ఆదికేశవులు ఒక్కొక్క ముక్కా కిటికీకి ఎత్తి చూశాడు. ఆరేసి బొమ్మలతో అయిదు ముక్కలు. ఆరో ముక్క మాత్రం రెండు తునకలుగా ఉంది. అంచున నంబర్లు కోకిలమ్మ రాసుకుంది. ఒక తునక ముప్పయ్యొకటి, ముప్పయ్యిరెండు. ఇంకోటి ముప్పయ్యయిదు, ముప్పయ్యారు.

"శుక్రవారం సుందర్ టేపు ఇక్కడే వేశాడు. మీరూ విన్నారా?"

"విన్నా. క్లిక్కులు లెక్కబెడతా ఉండాడు. పాట అయిపోంగానే ఆపేసినాడు."

"శుభ్రం చేయిస్తానన్నాడా?"

"అన్నాడు." ధర్మలింగం బ్లేడు తీసి తుడిచాడు. "తీసేసింది మళ్ళీ వస్తుందా అని అడిగినా. అది మనకెందుకు మామా, చెత్త గదా అన్నాడు."

"మీ దగ్గిర టేప్ రికార్డరు ఉందా?"

"లేదు సార్. రేడియో ఒకటి. సుందర్ వాడిది తెచ్చుకున్నాడు."

కోకిలమ్మ ఆ జవాబు కింద గీత గీసింది. వినడానికి మిషను లేని మనిషికి క్యాసెట్టు దేనికి? ఈయన కాదు, అని మనసులో కొట్టేసింది. గోడ మీద వరసగా పెళ్ళి జంటలు, పసిపిల్లలు. వాటి మధ్య ధర్మలింగం పెళ్ళి ఫొటో. పక్కన గుండ్రటి మొహం అమ్మాయి, ముక్కుపుడక, నవ్వు ఆపుకుంటున్న పెదాలు.

"మీ ఆవిడా?" అంది కోకిలమ్మ.

"కనకవల్లి. పురిటికని గూడూరు పుట్టింటికి పొయ్యింది. డెబ్భై తొమ్మిదిలో. ఇద్దరూ రాలేదు."

కోకిలమ్మ నోటు పుస్తకం మూసింది.

*

బాలమురుగన్ కొట్టు తమ ఆఫీసుకు నాలుగు సందుల అవతలే. నేల నుంచి కప్పుదాకా పాత రికార్డులు. మధ్యలో అతను.

"దొంగనా సార్ నేను? తమిళవాణ్ణి, తెలుగు సీరియల్ కోసం పొద్దున్నే పోయి ఆ అమ్మ కాళ్ళు పట్టుకున్నా. దొంగతనం చేసేవాడైతే కాఫీ తాగతానా?"

"నేను దొంగన్నానా? ఒక బేరం అడుగుదామని వచ్చాను. ఆ పదమూడోది నా దగ్గిర ఉందనుకో. పెట్టె లేదు, అట్ట లేదు. ఉత్త క్యాసెట్టు. ఏమిస్తావు?"

బాలమురుగన్ పెదవి విరిచాడు. "అట్ట లేకుండానా? ఏమీ ఇయ్యను సార్. ఆ అమ్మ చేతిరాతే గదా సాక్షి. అది లేకపోతే సుమ్మా, ఊరికే ఎవరో నిన్న ఇంట్లో మాట్లాడి పట్టినారంటారు."

బయటికి వచ్చాక ఆదికేశవులు గొడుగు విప్పి కోకిలమ్మ మీద కూడా పట్టాడు. "ఏమంటారు?"

"ఇతను కాదు సార్. ఇతనైతే అట్టే ముందు తీసుకునేవాడు. ఆ ధర్మలింగమూ కాదు, ఆయనకి వినేదానికి మిషనే లేదు. ఇంకెవరు? ఆ మేరమ్మే ఎక్కడన్నా దాచిందా?"

"మిషను లేకపోతే దగ్గిర పెట్టుకోకూడదా?"

"వినలేనిది దగ్గిర పెట్టుకుని..." కోకిలమ్మ సగంలో ఆగింది. ఇంట్లో ట్రంకుపెట్టెలో మడిచిపెట్టిన ఒక చొక్కా ఉంది. ఎవరూ తొడుక్కోరు. ఇరవయ్యారేళ్ళుగా అలాగే ఉంది. నెమ్మదిగా అంది: "మా ఆయన మొహం నాకు గుర్తుంది సార్. నడక గుర్తుంది. గొంతు మాత్రం పొయ్యింది. ఏ సంవత్సరం పొయ్యిందో కూడా తెలీదు. ఒకరోజు వెతికితే లేదు. ఎవరన్నా ఆ గొంతు ఒక డబ్బాలో పెట్టి ఇస్తే, వినకపోయినా సరే, వదలను."

ఆదికేశవులు రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. వెనకనుంచి ఆటోవాడు తమిళంలో తిట్టాడు.

"నాకు ఎవరో తెలిసింది, ఎట్లా తీశాడో తెలిసింది. ఎందుకో సరిగ్గా తెలియలేదు. అది మీరు చెప్పారు," అన్నాడాయన. "రేపు రెండింటికి అందర్నీ చర్చి హాలు పక్కగదికి రమ్మనండి. సుందర్ని వాడి టేప్ రికార్డరు తెమ్మనండి. ఒక క్యాసెట్టులోంచి ఇంకోదానికి ఎక్కించేది."

*

ఆదివారం రెండింటికి పక్కగదిలో అయిదు కుర్చీలు వేశారు. సుందర్‌రాజ్, ఆరోగ్యమేరి, ధర్మలింగం, బాలమురుగన్, చివర వరదయ్యగారు. పలచటి పొడుగు మనిషి, తెల్ల పంచె, చేతికర్ర. తన కథ ముగింపు వినడానికి రెండు గంటల ముందే వచ్చి కూర్చున్నాడు. క్యాసెట్టు పోయిందని ఎవరూ ఆయనకు చెప్పలేదు. ఆదికేశవులే చెప్పాడు. ఆయన తల ఊపి, కర్ర రెండో చేతికి మార్చుకున్నాడు, అంతే. కోకిలమ్మకు ఆ మొహం చూడటం కష్టమై నోటు పుస్తకంలోకి చూసింది.

"డబ్బాలో అట్ట మిగిలింది," అని మొదలుపెట్టాడు ఆదికేశవులు. "అమ్ముకునేవాడు అట్ట వదలడు. అట్ట లేకపోతే ఆ క్యాసెట్టు దమ్మిడీకి పనికిరాదని బాలమురుగనే చెప్పాడు. అందుకని ఆయన కాదు."

"నేను చెప్పలేదా!" అన్నాడు బాలమురుగన్ సుందర్‌రాజ్ మొహం మీదికి వంగి.

"తీసినవాడికి క్యాసెట్టు వెల అక్కర్లేదు. అందులో ఉన్న ఏదో ఒకటి కావాలి. ఏమిటది? సుందర్ పుస్తకం చూడండి. పదమూడో టేపులో క్లిక్కులు ముప్పయ్యారు. ఫొటోలు ముప్పై నాలుగు. ముప్పయ్యిమూడు, ముప్పయ్యినాలుగు క్లిక్కులు ఎక్కడున్నాయి సుందర్?"

"గుసగుస ఉండే చోట సార్. ఒకటి దాని మధ్యలో, ఒకటి చివర్న."

"ఆ రెండు ఫొటోలు కడిగేటప్పుడు పాడైనాయన్నారు. కానీ పాడైన బొమ్మను ఎవరూ ముక్కలోంచి కత్తిరించి తీయరు. అలాగే వదిలేస్తారు. ఇక్కడ పక్క బొమ్మలకు గీత పడకుండా, కొలిచినట్టు కత్తిరించి తీశారు. పారేసేదాన్ని అంత జాగ్రత్తగా తీయరు, దాచుకునేదాన్ని తీస్తారు. ఆ నిమిషంలో టీవీలో గీతలు తప్ప బొమ్మ లేదు. మరి ఆ రెండు క్లిక్కులూ దేన్ని చూసి? సీరియల్ అంటే పిచ్చి ఉన్న మనిషి, ఆఖరి నిమిషంలో కెమెరా పక్కకి తిప్పాడు. తన చెవిలో గుసగుసలాడుతున్న మనిషి వైపు."

ఆరోగ్యమేరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "వల్లి," అంది. "వల్లి ఎప్పుడూ ఆ టేప్ రికార్డరు పక్కనే కూర్చునేది."

సుందర్‌రాజ్ లేచి నిలబడ్డాడు. "మామా! నువ్వా? అడిగితే నేనియ్యనా? ఈ పెద్దాయన రేపు పోతా ఉండాడని తెలిసి కూడా..."

"కూర్చో సుందర్," అన్నాడు ఆదికేశవులు. "ఆయన నిన్ను అడిగాడు. తీసేసింది మళ్ళీ వస్తుందా అని అడిగాడు. నువ్వు చెత్త అన్నావు. నలభై ఏళ్ళుగా ఆయన నెగెటివ్‌లు గీకుతున్నాడు. ఆయన పనిలో శుభ్రం చెయ్యడమంటే అసలుదాని మీదే బ్లేడు పెట్టడం. గీకింది ఇక రాదు. కోడంబాకంలో కూడా అట్లాగే టేపు మీదనుంచి ఆ గొంతు గీకి పారేస్తారనుకున్నాడు. ముందు కాపీ తీసి, ఆ కాపీ మీద పని చేస్తారని, అసలుది అట్లాగే ఉంటుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు."

ధర్మలింగం చొక్కా జేబులోంచి బటర్‌పేపరులో చుట్టిన పొట్లం తీశాడు, నెగెటివ్‌లు చుట్టినట్టే, నాలుగు వైపులా మడిచి. ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఈ పొద్దు తెచ్చి పెట్టేద్దామనే వచ్చినా," అన్నాడు. "నిన్న కూడా వీధి మలుపు దాకా వచ్చి తిరిగిపొయినా. ఫొటోలున్నాయి నా దగ్గిర, కావలసినన్ని. గొంతు లేదు. పదెనిమిదేళ్ళు. శుక్రవారం సుందర్ టేపు వేస్తే, చెవి పక్కనే కూర్చుని మాట్లాడినట్టు... ఆ పిల్లోడు చెత్త అన్నాడు. వాడి తప్పు కాదు. వాడికది మాట మాదిరి వినపడలేదు."

"నీకు వినపడిందా అన్నా?" అంది ఆరోగ్యమేరి. "మాటలు తెలిసినాయా?"

"తెలీకుండా ఉంటాయా మేరమ్మా?"

ఆదికేశవులు క్యాసెట్టు తీసుకుని సుందర్‌రాజ్ మిషన్లో పెట్టాడు. సుందర్ కళ్ళు తుడుచుకుంటూ పుస్తకం చూసి ఆ చోటికి తిప్పాడు. ఓడ హోరు. తాత గొంతు: "నీలా, ఎక్కడున్నావమ్మా?" ఆ వెంటనే, అన్నిటికంటే దగ్గరగా, గాలిలో ఆకులు కదిలినట్టు ఒక ఆడగొంతు. క్లిక్కు. మళ్ళీ ఆ గొంతు. క్లిక్కు. పాట మొదలయ్యింది. సుందర్ ఆపాడు.

కోకిలమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎవరికీ కాలేదు.

ధర్మలింగం నేల చూస్తూ చెప్పాడు. "చాల్లే ఆ డబ్బా, ఒకసారి నా తట్టు చూడయ్యా, అంది. చూసినా. తీసినా. తరవాత, చూసినావా, ఆ పిల్ల పోలేదంట, ఈడనే ఉంటానంది, అని నవ్వింది. ఇంకోటి తీసినా. నేను కెమెరాలోంచి వల్లిని చూస్తా ఉండా. నీలవేణి ఏమన్నదో నేను వినలా. వల్లి వినింది. అందుకే పదెనిమిదేళ్ళుగా ఉండిపొయ్యిందనే చెప్తా ఉండా."

సుందర్‌రాజ్ వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. ఈసారి అందరికీ వినబడింది, ప్రతి మాటా, చివర ఆ నవ్వుతో సహా. వాళ్ళు గీకి తీసేయాలనుకున్న గొంతులోనే ముగింపు ఉంది.

వరదయ్యగారి చేతికర్ర జారి కిందపడింది. ఎవరూ తీయలేదు.

"ఈడనే ఉంటానందా?" అన్నాడాయన.

"ఆమా అయ్యా. అట్లనే చెప్పింది."

"పోవడం నేను రాసింది. ఉండిపోవడం నాది కాదు." ఆయన కళ్ళజోడు తీశాడు. "మా ఆవిడ మంచం మీద నుంచి, ఆ ముసలాణ్ణి ఒంటరిగా వదలొద్దండీ, ఇంకోటి రాయండి అనింది. ఆవిడ మాట కోసం రాసి ఇచ్చినా. అదే తీసినారన్నమాట. ఆవిడకి చెప్పనే లేదు నేను. నాకే తెలీలేదు గదా."

ఆయన చెయ్యి చాపితే ధర్మలింగం కుర్చీ దగ్గరికి జరిపాడు. ఇద్దరు ముసలివాళ్ళూ అలా కూర్చున్నారు. బాలమురుగన్ గట్టిగా ముక్కు చీది, కాఫీ ఏమైనా దొరుకుతుందా అమ్మా అని మేరిని అడిగాడు.

"మామా," అన్నాడు సుందర్‌రాజ్. "ముప్పయ్యిమూడు, ముప్పయ్యినాలుగు... నెగెటివ్‌లు ఉండాయా?"

ధర్మలింగం రెండో జేబులోంచి ఇంకో బటర్‌పేపరు తీశాడు. "ఇంకా గంటన్నర ఉంది. స్లైడ్లు చేసి తెస్తా."

*

నాలుగింటికి హాలు నిండింది. అసలు క్యాసెట్టు ధర్మలింగం జేబులో ఉంది. హాల్లో పాడేది సుందర్ మిషన్లో ఎక్కించిన కాపీ. మేరి ఇంటినుంచి ఆ పాత టేప్ రికార్డరు కూడా తెప్పించి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. "తీసుకుపో అన్నా. మొదటి బటను నొక్కితే పాడుతుంది. అదొక్కటే పనిచేస్తుంది."

చీకట్లో ఒక్కొక్క క్లిక్కుకీ ఒక్కొక్క బొమ్మ మారింది. అట్ట ఓడలు, దీపం, తాత గడ్డం. టేపులో ఎవరో దగ్గారు, ఎవరో పిల్లవాణ్ణి ఉష్ అన్నారు. ఆ దగ్గినవాళ్ళలో ఎంతమంది ఉన్నారో, ఎంతమంది పోయారో అని కోకిలమ్మ భయంభయంగా లెక్కవేసుకుంటూ కూర్చుంది.

ఓడ హోరెత్తింది. తాత పిలిచాడు. ముప్పయ్యిమూడో క్లిక్కు. తెర మీద గుండ్రటి మొహం, టీవీ వెలుగు పడి సగం తెల్లగా, ముక్కుపుడక మెరుస్తూ, కెమెరా వైపు తిరిగి. ముప్పయ్యినాలుగు. అదే మొహం, నవ్వుతూ. హాల్లో ఎవరూ ఇదేమిటని అడగలేదు. చూసేవాళ్ళకి ఆవిడే నీలవేణి అయిపోయింది. వరదయ్యగారు ముందు వరసలో నిటారుగా కూర్చుని చేతులు జోడించాడు.

తరవాత పాట, పేర్లు. ముప్పయ్యారో క్లిక్కుకి "సమాప్తం" అన్న అక్షరాలు తెర మీద నిలిచాయి. పాట ఆగింది. సుందర్‌రాజ్ చేతులు రెండూ ప్రొజెక్టరు మీద ఉండటంతో టేపు ఆపడం మరిచిపోయాడు.

ఆ రోజు మేరి కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది కదా. రికార్డరు ఆపేవాళ్ళు లేక అది తిరుగుతూనే ఉంది. ఇప్పుడు టేపులో కుర్చీలు జరిగిన చప్పుడు, చెప్పులు వెతుక్కునే చప్పుడు. దూరంగా పడుచు మేరి గొంతు: "ఉండండి, కాఫీ తాగి పోండి!" రికార్డరు పక్కనే, ఇక గుసగుసలాడక్కర్లేకుండా, గట్టిగా, గలగలమంటూ ఇంకో గొంతు:

"ఈ పొద్దు వద్దులేక్కా, పొద్దుపొయ్యింది. వస్తామక్కా!"

ధర్మలింగం లేచి నిలబడ్డాడు. ఈ మాట శుక్రవారం ఆయన విననిది.

టేపు చివరికి వచ్చి టక్కున ఆగింది. కోకిలమ్మ పక్కన కూర్చున్న ఆరోగ్యమేరి, తెర వైపే చూస్తూ, పదెనిమిదేళ్ళ కిందట వంటింట్లోంచి ఇవ్వవలసిన జవాబు ఇప్పుడిచ్చింది.

"సరే తల్లీ. రా."